ఇచ్చిన డబ్బాలను చూసిపోయే మనిషి

మా వీధిలో పాత స్కూటర్ హారన్ ఏది మోగినా ఇప్పటికీ నా చేయి ముందు నీళ్ల క్యాను మీదికి పోతుంది. క్యాను దించాలి, దాని కిందున్న కంప్యూటర్ డబ్బాను తుడవాలి, బల్ల మీదికి ఎత్తాలి, తీగలు తగిలించాలి, గేటు చప్పుడయ్యేలోగా అది రోజూ వాడుతున్నదే అన్నట్టు వెలగాలి. ఇక ఆ అవసరం లేదు. ఆ స్కూటర్ మనిషి పోయి నెలలు గడిచాయి. చేతికి అలవాటు పోలేదు, మిగతా ఒంటికి సిగ్గు పోలేదు.

ఆయన పేరు రాయను. ఆయన పరువు కోసం కాదు, నా పరువు కోసం. మేమంతా డబ్బా సారు అనేవాళ్లం. మిర్యాలగూడలో కాలువల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. జీవితంలో ఒక్కసారి కూడా సొంత డబ్బా కొట్టుకోని మనిషికి ఆ పేరు ఎలా అతికిందంటే, పాత కంప్యూటర్ డబ్బాలు పోగేసి, నడిపించి, ఊరూరా పంచేవాడు కాబట్టి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అలాంటి పిచ్చి ఉన్నవాళ్లం కొందరం ఉన్నాం. మా ఫోన్ గ్రూపు పేరు 'పాత కంప్యూటర్ మిత్రులు'. పాతవి కంప్యూటర్లా, మిత్రులా అని ఎవరైనా అడిగితే రెండూ అని చెప్పేవాళ్లం. ఒకరి దగ్గర మదర్‌బోర్డు మిగిలితే ఇంకొకరి దగ్గర ర్యామ్ మిగులుతుంది. తువ్వాలులో చుట్టి బస్సులో పంపుకోవడం, అందాక చచ్చిందని తేలడం, అయినా పారేయలేక మూడోవాడికి పంపడం. పాతదాన్ని పారేయ బుద్ధి కాదు, పెట్టుకోను జాగా ఉండదు. ఈ రెండింటి మధ్య మేం చేసే పనికి దానం అని పెద్ద పేరు పెట్టుకున్నాం.

నేను బడిలో తెలుగు చెప్తాను. సమాసాన్ని విడదీయడం వచ్చు, కంప్యూటర్‌ను విడదీయడమూ వచ్చు. సమాసాన్ని మాత్రమే తిరిగి కలపగలను. అందుకే సారుతో స్నేహం.

సారుకూ పెద్దగా ఏమీ వచ్చేది కాదనే చెప్పాలి. నాలుగు విప్పితే ఒకటి నడిచేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట రంగులేసే కుంచె ఉండేది. దాంతో ఫ్యాను దుమ్ము దులిపేవారు. బడిపిల్లల రబ్బరుతో ర్యామ్ పళ్లు తోమేవారు. ఆ తర్వాత డబ్బా పక్కన అరచేయి ఆనించి, పసివాడికి జ్వరం చూసినట్టు కాసేపు కళ్లు మూసుకునేవారు. నడవకపోతే, "సచ్చిపోలె పంతులూ, అలిగిండు. రేపు సూద్దాం" అనేవారు. అలకలు తీరని డబ్బాల్లోంచి ఏదో ఒకటి పుట్టించేవారు. ఒకదాన్ని రైసుమిల్లు గేటు కాడ కెమెరాకు తగిలించారు. ఒకదాన్ని వేములపల్లి సెలూన్‌లో పాటల పెట్టెను చేశారు. చచ్చిన హార్డ్ డిస్కుల్లోంచి అయస్కాంతాలు తీసి భార్యకు ఇచ్చేవారు. ఆమె జాకెట్లు కుడుతుంది. కింద పడ్డ సూదులు ఏరడానికి. "ఇన్నేండ్లల్ల ఈ ఇనుప కొట్టు నాకు పెట్టిన నగ ఇదే" అనేదామె.

ఇవన్నీ చాలామంది చేసేవే. సారు ఒక్కరే చేసేది ఇంకొకటి ఉంది. ఇచ్చినవాటిని చూడటానికి వచ్చేవారు.

చెప్పి రారు. ఏదో పెళ్లికో దవాఖానకో ఆ ఊరు వస్తే, వచ్చిన పని చూసుకుని, స్కూటర్ మనింటి ముందు ఆపేవారు. "ఏం పంతులూ, ఎట్లున్నడు మావోడు?" డబ్బా వెలిగేదాకా చాయ్ ముట్టరు. అత్తారింట్లో పిల్లను చూసి పోవడానికి వచ్చిన తండ్రి ముందు మనం ఎలా కూర్చుంటామో, ఆయన ముందు మూడు ఊళ్లవాళ్లం అలా కూర్చునేవాళ్లం.

సూర్యాపేటలో మా ఇంటికి వచ్చిన ఒక మధ్యాహ్నం చెప్తాను. ఆ రోజు హారన్ నాకు వినపడలేదు. చూసేసరికి సారు హాల్లో ఉన్నారు.

"ఎట్లున్నడు మావోడు?"

"బాగున్నడు సార్. రోజూ వాడుతనే ఉన్నం."

అబద్ధం పూర్తికాకముందే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. వచ్చిందెవరో ఆమెకు తెలియదు.

"క్యాను అయిపోయింది. కొత్తది తెచ్చి ఆ డబ్బ మీద పెట్టు జర!"

సారు చూపు మూలకు వెళ్లింది. ఆయన ఇచ్చిన డబ్బా అక్కడ అడ్డంగా పడుకుని ఉంది. మీద ఖాళీ క్యాను, పక్కన స్టీలు గ్లాసు. నాకు బడిలో నేర్పే అలంకారాలన్నీ మతికొచ్చాయి. ఒక్కటీ పనికి రాలేదు.

ఆయన వెళ్లి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నారు. క్యాను దించి, పక్క రేకు విప్పి, లోపలికి వేలు పెట్టి చూశారు. అప్పటికి మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మనిషిని గుర్తుపట్టి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"చెమ్మ లేదమ్మా" అన్నారు సారు ఆమెతో. "నీళ్ల కింద పెట్టుకోని గూడ లోపల సుక్క పడనియ్యలె. మంచిగ సూసుకున్నరు."

ఆమె కూడా ఏదో ఒకటి అనాలి కదా. "మా ఇంట్ల అందరికంటె పనికొచ్చేది గదేనన్నా" అంది. అందరిలో నేనొక్కణ్ణే అక్కడ నిలబడి ఉన్నాను.

సారు కుంచె తీసి ఫ్యాను దులిపారు. రేకు బిగించారు. కొత్త క్యాను నాతోనే ఎత్తించి, ఎక్కడ పెట్టాలో చూపించారు. "నడుమల పెట్టకు పంతులూ, రేకు వంగుతది. గీ అంచు మీద పెట్టు, బరువు ఫ్రేము మీద పడ్తది." చాయ్ తాగి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఆ సాయంత్రానికే మరిచిపోయేవాణ్ణి. ఇప్పటికీ క్యాను ఎత్తినప్పుడల్లా అంచు వెతుక్కుంటాను.

కోదాడలో ఫొటో స్టూడియో నడిపే బుచ్చిబాబుది ఇంకో కథ. సారు ఇచ్చింది బావమరిదికి ఇచ్చేశాడు. బావమరిది ఇంకెవరికో ఇచ్చాడు. సారు వచ్చిన రోజు, స్టూడియోలో ఉన్న వేరే డబ్బాను చూపించి, "అదిగోండి సార్, మీరిచ్చిందేనండి. పువ్వులా చూసుకుంటున్నానండి" అన్నాడు. సారు దాన్ని విప్పి, రబ్బరుతో తోమి, కుంచెతో దులిపి, అరచేయి ఆనించి చూశారు. స్కూటర్ ఎక్కాక, "ఇది మావోడు కాదు బుచ్చిబాబూ. గానీ శానా దుమ్ముండె" అన్నారట. "కొట్టినా బాగుండేదండి పంతులుగారూ" అని బుచ్చిబాబు నాకు ఫోన్ చేసి చెప్పాడు.

ఒకసారి మిర్యాలగూడ బస్టాండులో నేను అడిగేశాను. "ఇచ్చినంక అది మాదే గద సార్. మల్ల సూసుడెందుకు?"

"ఇచ్చిన అన్ననా? నీ దగ్గర ఉంచిన అన్న" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి చెప్పారు. "ఉత్తగ ఇస్తే మూలకేస్తరు. ఒకడు అడగనొస్తడని ఉంటే కనీసం దుమ్ము దులుపుతరు."

దుమ్ము సంగతి సరే. ఆ మాటలోని మిగతా సగాన్ని మేం తప్పుగా పట్టుకున్నాం. అది తర్వాత చెప్తాను.

మిర్యాలగూడలో వాళ్లింటికి వెళ్తే మొదట ఎదురయ్యేది రోడ్డు వైపు గది. పెద్ద కిటికీ, మంచి వెలుతురు. ఆ వెలుతురంతా డబ్బాల మీదే పడేది. నేల నుంచి అటకదాకా డబ్బాలు, మానిటర్లు, మధ్యలో సారు కూర్చోవడానికి ఒక స్టూలు. సారు భార్యను మేం అక్క అనేవాళ్లం. అక్క కుట్టు మిషన్ వంటింటి పక్క నడవలో ఉండేది. అక్కడ పగలు కూడా లైటు వేసుకోవాలి. జాకెట్లు ఇచ్చేవాళ్లు వెనక సందులోంచి, బట్టలారేసిన తీగ కింద వంగి రావాలి.

నేను వెళ్లినప్పుడల్లా అదే పంచాయితీ.

"పంతులూ, మీ సారును అడుగు. నా గది నాకు ఎప్పుడిస్తడట?"

"ఇస్తనే ఉన్న గద" అనేవారు సారు, తల ఎత్తకుండా. "ఇయ్యాల పొద్దుగాల ఒకటి పోయింది."

"ఒకటి పోయింది, రెండొచ్చినయ్. గదేం లెక్క?"

ఆ రెండోది నా చేతుల్లోనే ఉండేది. మా బడిలో తీసేసిన మానిటరో, మా ఎదురింటివాళ్లు పారేయబోయిన ప్రింటరో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాణ్ణి. ఆమె నన్ను లోపలికి రమ్మనేది, మంచినీళ్లు ఇచ్చేది, మానిటర్ వంక మాత్రం చూసేది కాదు. మా ఇళ్లు ఖాళీ చేసుకోవడానికి ఆమె గదిని నింపుతున్నామని మాకు తెలియదని కాదు. తెలిసిన సంగతిని గట్టిగా అనుకోకపోవడంలో మేమందరం నిపుణులం.

పోయినేడు సారు ఎందుకో జోరు పెంచారు. అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు, వద్దన్నవాళ్లకు కూడా పంపారు. నాకు ఒకే వారంలో రెండు డబ్బాలు వచ్చాయి. సూర్యాపేట మార్కెట్ యార్డులో పనిచేసే యాదగిరికైతే బస్సు టాపు మీద వేసి పంపారు. ఎవరైనా ఇంకో పాత డబ్బా ఇవ్వబోతే తీసుకోనన్నారని కూడా విన్నాం. చూడటానికి రావడం కూడా మానేశారు. హారన్ మోగని ఆ కాలం మాకు ఎంత హాయిగా గడిచిందో చెప్పడానికి నోరు రావడం లేదు. సారు ఎందుకు రావడం లేదని మాలో ఒక్కరమూ ఫోన్ చేసి అడగలేదు.

ఒకరోజు గ్రూపులో ఆయన పాత ఫొటో వచ్చింది. కింద చేతులు జోడించిన బొమ్మ. ఆయనకు గుండె జబ్బు ఉందని మాకు ఆ రోజే తెలిసింది.

అందరం చేతులు జోడించిన బొమ్మలు పెట్టాం. తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు అది చాలలేదు. ఒక వాక్యం రాశాను: "సారు మన దగ్గర ఉంచినవాటిని సారు ఇంటికే చేరుద్దాం. అదే ఆయనకు మన నివాళి." ఇచ్చిన అనలేదు, ఉంచిన అన్నారు కదా! ఆ మాటకు నేను అర్థం చెప్పి, దానికి నేనే ముగ్ధుణ్ణి అయ్యాను. అందరూ మెచ్చుకున్నారు. బుచ్చిబాబు, "కళ్లల్లో నీళ్లొచ్చాయండి" అని రాశాడు.

దినాలకు నేను పోలేకపోయాను, పరీక్షల డ్యూటీ పడింది. కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం, క్యాను కింది డబ్బాను కడిగినంత పని చేసి, బియ్యం సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. కండక్టర్ సంచిని కాలితో తట్టి, "ఏముంది సార్ ఇందుల?" అన్నాడు. "నివాళి" అనబోయి ఊరుకున్నాను.

అక్క తలుపు తీసింది. ముందు నన్ను చూసింది. తర్వాత సంచిని చూసింది.

"నువ్వు గూడ తెచ్చినవా, పంతులూ?"

గది నిండా డబ్బాలున్నాయి. మునుపు ఉన్నట్టే. కాదు, ఒక తేడా ఉంది. గోడలు కొత్తగా ఉన్నాయి. లేత ఆకుపచ్చ రంగు, చేతి మరక కూడా పడని రంగు. కిటికీ పక్కన మోకాలి ఎత్తులో కొత్త ప్లగ్గు పెట్టి ఉంది. పైన గోడ పొడవునా బట్టలు తగిలించే కొక్కేలు ఉన్నాయి. ఆ కొక్కేలదాకా డబ్బాలు పేర్చి ఉన్నాయి. కుట్టు మిషన్ నడవలో, లైటు కింద ఉంది.

నేను సంచి దించలేదు. ఎత్తుకుని నిలబడ్డాను.

"ఆయన పాణం బాగలేకున్నా గదంత ఖాళీ జేసిండు" అంది అక్క. "ఒక్కటి ఉంచలె. రంగు ఏయించిండు. మిషన్‌కు మోటరు పెట్టిండు. నా కాళ్లు గుంజుతయని. గా ప్లగ్గు ఆయన పెట్టిందే, జర వంకరున్నది సూడు. 'ఇగ తీస్కో, ఈ గది నీది' అన్నడు. కొన్ని రోజులు గీడ కూసోని కుట్టిన. రోడ్డు మీద పొయ్యేటోళ్లు తొంగి సూసి లోపలికొచ్చిండ్రు తెల్సా? ఎనక సందుల ఎవలొస్తరు? బడులు తెరిస్తరు, యూనిఫాంల గిరాకీ గీ నెలనే. ఇప్పుడు రాకపోతే ఇంకో ఏడాది దాక రారు."

"మరి ఇవన్నీ..."

"దినాల నాడు మీవోళ్లంత వచ్చిండ్రు. తలా ఒకటి పట్టుకొచ్చి, గీడ పెట్టి, దండం పెట్టి ఏడ్సిండ్రు. ఏడ్సెటోళ్లను పట్టుకోని, నీ డబ్బ నువ్వు తీస్కపో అని ఎట్లంట?"

గుమ్మానికి అడ్డొచ్చిన ఒక డబ్బాను కాలితో జరిపి, "ఎవలో గ్రూపుల రాసిండట గద, అన్ని గీడికే తేవాలె అని?" అంది.

ఎవరో రాసినట్టున్నారని అనడానికి ఒక్క క్షణం అవకాశం ఉండింది. "నేనే అక్కా" అన్నాను.

ఆమె నా వంక చూసింది. "మంచిగ రాసినవట. అందరు అన్నరు."

నా నివాళి వాళ్లింట్లో నిల్వ అయింది. ఆ మాట ఆ క్షణంలోనే తట్టింది, అంత సిగ్గులోనూ తట్టింది. నా మీద నాకు అసహ్యం వేసింది. సంచిని గుమ్మం బయట మెట్టు మీద పెట్టి, అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాను. ఈసారి సొగసైన వాక్యాలు లేవు. "సారు ఆ గది అక్క కోసం ఖాళీ చేసిపోయిండు. మనం మల్ల నింపినం. వచ్చే ఆదివారం వచ్చి తీస్కపోవాలె."

"అయ్యో పాపం, ఇలా అవుద్దని అనుకోలేదండి" అన్నాడు బుచ్చిబాబు. "ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదండి." "ఎట్లంటది బాబూ?" అన్నాను. నా సంచిని మళ్లీ బస్సెక్కించి ఇంటికే తెచ్చుకున్నాను.

ఆదివారం అందరూ వచ్చారు, ఒక ట్రాలీ ఆటో కూడా వచ్చింది. అక్కతో ఎవరూ కళ్లు కలపలేదు. గదిలోకి వెళ్లి, ఎవరిది వాళ్లు తీసుకుందామని నిలబడ్డాం. అప్పుడు తెలిసింది, ఎవరికీ తన డబ్బా ఏదో తెలియదని. ఏళ్లపాటు మూలన పడేసి, తీసుకువచ్చే రోజున దుమ్ము దులిపి తెచ్చినవాళ్లం. గుర్తుపట్టగలిగింది సారు ఒక్కరే.

"గిది నీదే యాదగిరీ" అన్నాను.

"నాదా? నాది గింత బరువు లేకుండె."

"నాది ఎర్ర స్టిక్కరుదండి."

"అన్నిటికి ఎర్ర స్టిక్కరే ఉన్నది బుచ్చిబాబన్నా. నీకు బరువు లేనిది గావాలెనని చెప్పరాదు?"

"అది కాదండి, నాకు నడుం నొప్పండి..."

అక్క నడవలోంచి వచ్చింది. గొంతు పెంచలేదు. "ఎవలిదైతే ఏంది? తెచ్చిననాడు గుర్తువట్టి తెచ్చిండ్రా? చేతికందింది ఎత్తుండ్రి."

ఎత్తాం. యాదగిరికి అందరికంటే బరువైంది దొరికింది, ఈసారి నోరు మెదపలేదు. నాకు పాత గాజు మానిటర్ ఒకటి దక్కింది. దాన్ని పొట్టకు ఆనించుకుని గుమ్మం దాకా వచ్చేసరికి, ముందు బుచ్చిబాబు, వెనక ఇంకొకరు, అందరం ఆ ఒక్క గుమ్మంలో ఇరుక్కున్నాం. సరిగ్గా అప్పుడే రోడ్డు మీదినుంచి ఒకామె మెట్టెక్కింది. చంకలో ప్లాస్టిక్ కవరు, కవరులో నీలం గుడ్డ. లోపలికి రావడానికి దారి కోసం మా భుజాల మధ్య నుంచి చూసింది.

"యూనిఫాంలు కుట్టేది గీడనేనా అక్కా?"

"గీడనే" అంది అక్క మా వెనకనుంచి. నడవలోని మిషన్‌ను అప్పటికే గది మధ్యకు లాగుతోంది. చక్రం నేల మీద కీచుమంటోంది.

ఆమె మా చేతుల్లోని సామాన్లు చూసింది. "వీళ్లు రిపేరోళ్లా?"

"కాదమ్మా. మా ఆయన దోస్తులు" అంది అక్క. "జర ఆగు. పోతున్నరు."

మేం గోడకు అంటుకుపోయి దారిచ్చాం. ఆకుపచ్చ రంగుకు మానిటర్ తగలకుండా ఊపిరి బిగపట్టుకుని నిలబడ్డాను. ఆమె మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లింది. అక్క వంగి, మోటరు తీగను కిటికీ పక్కనున్న ప్లగ్గుకు పెట్టింది.